గుడ్లగూబ వాలిన గుమ్మం

వాగు ఒడ్డున ఒక మద్దిచెట్టు ఉంది. ఎన్నేళ్ళదో దానికే తెలీదు. మాను పొడవునా తొర్రలే తొర్రలు. పైన పావురాలు, నడుమ ఓ గోరువంక, కింద వేళ్ళ సందుల్లో కుందేళ్ళు కాపురాలుండేవి. చెట్టు మొదట్లో, రెండు లావుపాటి వేళ్ళ మధ్య, గుమ్మంలాంటి పెద్ద బిలం ఒకటి. అందులో నరసింగం అనే నక్క ఉండేవాడు.

ఈ నరసింగం ఆ చెట్టు కిందికి ఎలా వచ్చాడంటారా? ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాలుక వేలాడేసుకుంటూ వచ్చి, "కాసేపు నీడపట్టున కూర్చుని పోతాను" అన్నాడు. కూర్చున్నాడు. పోలేదు. కొన్నాళ్ళకి, "మొదలు నాదైనప్పుడు చెట్టంతా నాదే కదా" అని ఓ మాట గాల్లోకి వదిలాడు. ఎవరో ఒకరు "అదెలా?" అని అడుగుతారని అందరూ ఎదురుచూశారు. అందరూ ఎదురుచూస్తుంటే ఇక అడిగేదెవరు? అంతే, నరసింగం కాస్తా నరసింగం గారైపోయాడు. పావురాలు గింజలు, గోరువంక మిడతలు, కుందేళ్ళు చిలగడదుంపలు అద్దె కింద తెచ్చి పోస్తుంటే, తిని, కాలు మీద కాలేసుకుని పడుకునేవాడు.

అయితే ఇది నరసింగం గారి కథ కాదు. పైడమ్మ కథ.

పైడమ్మ ఒక చిన్న గుడ్లగూబ. గుప్పెడు ఒళ్ళు, ఒళ్ళంతా తెల్లచుక్కలు, మొహం నిండా పసుపుపచ్చ కళ్ళు. పుట్టిల్లు తాటితోపులో ఓ మొండి తాటిచెట్టు తొర్ర. ఈ ఏడు వాళ్ళమ్మ మళ్ళీ గుడ్లు పెట్టింది, పిల్లలయ్యాయి, ఇంట్లో రెక్క కదపడానికి చోటు లేకపోయింది. "పెద్దదానివయ్యావు తల్లీ, నీకంటూ ఓ గూడు చూసుకో" అని ముక్కుతో తల దువ్వి పంపించింది. ఆవిడకి ప్రేమ లేక కాదు పాపం, చోటు లేక.

పనైతే దొరికింది. వాగు అవతల రైతు కొట్టంలో విత్తనాల గాదె ఉంది. ఆ కొట్టంలో ఉండే ముసలెద్దు వీరన్న, "రాత్రిళ్ళు ఎలుకలు గాదెని గుల్ల చేస్తున్నాయే పిల్లా, కాపలా ఉంటావా?" అని అడిగి పనిలో పెట్టాడు. జీతమంటూ ఏమీ లేదు. పట్టిన ఎలుకే జీతం. దొరికితే కడుపు నిండుతుంది, దొరక్కపోతే పురుగుతోనో పుట్రతోనో సరిపెట్టుకోవాలి. అందులోంచి మిగుల్చుకునే మాట దేవుడెరుగు.

మరి ఆ కొట్టంలోనే పడుకోవచ్చు కదా అంటారేమో. రైతు కంటపడితే కర్ర తీస్తాడు. గుడ్లగూబ ఇంటి మీద వాలితే ఆ ఇల్లు పాడుపెట్టాలని మనుషులకి ఓ నమ్మకం ఉంది కదా, అదన్నమాట. అందుకని తెల్లారేసరికి పైడమ్మ పొలం గట్టు మీది తుమ్మచెట్టు చేరి, ముళ్ళ మధ్య ముడుచుకుని కూర్చునేది. కళ్ళు మూతబడే వేళకి కాకులు దిగేవి. "అదుగో అదుగో గుడ్లగూబ!" అని చుట్టూ చేరి ఒకటే గోల. రాత్రి డ్యూటీ చేసి వచ్చినదానికి పగలు కునుకు లేకపోతే ఎలా ఉంటుందో, చేసినవాళ్ళకే తెలుస్తుంది.

అదైనా ఎలాగో ఓర్చుకుంది. కానీ రోహిణి ఎండలు అయిపోవచ్చాయి. మృగశిర కార్తె ఇవాళో రేపో. వానలు మొదలైతే పైడమ్మ గతేమిటి? గుడ్లగూబ రెక్క చప్పుడు చెయ్యకూడదు, దాని బతుకంతా ఆ విద్య మీదే. రెక్క తడిస్తే తడిబట్ట దులిపినట్టు టపటపలాడుతుంది. ఆ చప్పుడు విని ఎలుక తాపీగా కన్నంలోకి నడుచుకుంటూ పోతుంది. ఎలుక దొరక్కపోతే తిండి లేదు. గాదె గుల్లయితే పనీ లేదు. వాన లోపలికి రాని తొర్ర ఒకటి, ఎంత చిన్నదైనా సరే, తొలకరి పడేలోపు కావాలి. పైడమ్మకి ఇంకేమీ అక్కర్లేదు.

అలా ఆ పిల్ల నిద్రమానుకుని, పగటి వెలుగులో కళ్ళు చికిలించుకుంటూ, రెక్కలరిగేలా ఇళ్ళ వేటలో పడింది.

ముందు మామిడితోటలో చిలక కామాక్షమ్మ దగ్గరికి వెళ్ళింది. కామాక్షమ్మకి పక్క తొర్ర ఖాళీగా ఉంది.

"ఎంతమంది ఉంటారు?" అంది కామాక్షమ్మ.

"నేనొక్కదాన్నేనండీ."

"ఒక్కదానివా! పెళ్ళి?"

"కాలేదండీ."

"ఎందుకు కాలేదు?"

"ముందు ఇల్లు కావాలి కదండీ" అంది.

"బాగానే చెప్పావు. ఇంతకీ ఏం తింటావు?"

"ఎలుకలండీ. అవీ రోజూ కాదు..."

"శివశివా! మా ఇంట్లో పండు తప్ప ఇంకోటి ఎరగం" అని కామాక్షమ్మ మొహం లోపలికి తిప్పేసుకుంది. తొర్ర మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం ఖాళీగానే ఉంది.

అక్కణ్ణించి చింతచెట్టు మీద ఉడత దగ్గరికి వెళ్ళింది. ఉడత మెడ నిక్కించి పైనించి కిందికి చూశాడు.

"మేం ఫ్యామిలీలకే ఇస్తాం. సరే, వచ్చావు కాబట్టి అడుగుతున్నా. రాత్రి ఎన్నింటికి ఇంటికొస్తావు?"

"తెల్లారి వస్తానండీ."

"తెల్లారా!" ఉడత తోక బుస్సున లేచింది. "ఆడపిల్లవి, రాత్రంతా బయట ఏం పని?"

"అదే పనండీ. కాపలా ఉద్యోగం."

"అందరూ అలాగే చెబుతారు. పిల్లలున్న ఇల్లమ్మా, ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకు అన్నవాళ్ళంతా ముందు అనాల్సిందంతా అనేస్తారు, అదేం అలవాటో! పైడమ్మ "పర్లేదండీ" అని లేచింది. లేవగానే కాకులు వెంటపడ్డాయి. ఎటు పోతోందో చూసుకోకుండా ఎగిరి ఎగిరి, మద్దిచెట్టు మాను నడుమ ఓ తొర్ర కనబడితే దాని అంచు పట్టుకుని వేలాడింది.

"అయ్యో పిచ్చిపిల్లా, అక్కడ వేలాడతావేం? లోపలికి రా" అంది లోపలినించి ఒక ముసలి గొంతు.

ఆవిడ గోరువంక గవరమ్మ. పసుపుపచ్చ ముక్కు వెలిసిపోయింది, ఒక రెక్క సరిగ్గా ముడుచుకోదు. మొగుడు పోయి, పిల్లలు ఎవరి దారిన వాళ్ళు ఎగిరిపోయి, ఒక్కతీ ఉంటోంది. పైడమ్మని లోపలికి లాగి, తను గుమ్మానికి అడ్డంగా కూర్చుని, "ఏమర్రా కాకుల్లారా, పనీ పాటా లేదుట్రా మీకు? పొండి పొండి!" అని ఒక్క కసురు కసిరింది. కాకులు సణుక్కుంటూ పోయాయి.

పైడమ్మ అప్పుడు ఇల్లు చూసింది. ఎంత బాగుందో! వాన వచ్చే దిక్కుకి వీపు పెట్టి ఉంది, లోపల పొడిగా, వెచ్చగా ఉంది. ఆ చెట్టు మీద అంత మంచి తొర్ర ఇంకోటి లేదు.

"మామ్మా, ఇక్కడ ఓ మూల నాకు..." అంటూ ఆగిపోయింది.

"నాకూ ఇష్టమేనే తల్లీ. కానీ నరసింగం ఒప్పుకోడు. ఒక్క తొర్రలో ఒక్క సంసారమే ఉండాలిట. చుట్టమొచ్చినా పొద్దుగూకేలోపు పంపించెయ్యాలిట. నేను వాడికంటే ముందు వచ్చినదాన్ని కాబట్టి నాలుగు మిడతలతో పోనిస్తున్నాడు, అదే వాడి ఏడుపు. పోనీ వాణ్ణే ఒకసారి అడిగి చూడు, పైన చిన్న తొర్ర ఏదో ఖాళీ ఉందన్నారు."

పైడమ్మ కిందికి దిగింది. నరసింగం బిలం ముందు కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"తొర్ర ఉంది. ఎందుకు లేదు?" అన్నాడు. "రోజుకో ఎలుక అద్దె. ఆర్నెల్లది ముందుగా అడ్వాన్సు. ఆకులు ఊడ్చినందుకు వేరే."

"ఆకులు గాలే కదండీ ఊడ్చేది?"

"గాలికి చెప్పేదెవరమ్మా?"

పైడమ్మ లెక్క వేసుకుంది. రోజుకో ఎలుక ఇచ్చేస్తే ఇక తినేదేమిటి? "మీకు దణ్ణమండీ, నావల్ల కాదు" అని వెనక్కి తిరిగింది.

"ఆగమ్మాయ్." నరసింగం ఒకసారి పైకి, గవరమ్మ గుమ్మం వైపు చూశాడు. మళ్ళీ పైడమ్మ పసుపుపచ్చ కళ్ళలోకి చూశాడు. గొంతు తేనెలో ముంచాడు. "నువ్వు మరీ అమాయకురాలివి. నీ దగ్గర ఎంత ఆస్తి ఉందో నీకే తెలీదు."

"నా దగ్గరా?"

"మీ జాతి వాలిన ఇల్లు పాడుపెట్టాలంటారు కదా?"

"అంటారండీ. అది నిజం కాదు."

"నిజం ఎవడిక్కావాలే? నమ్మేవాళ్ళుంటే చాలదూ! విను. రేపు పొద్దువాలే వేళ, అందరూ ఇళ్ళకి చేరే టైముకి, ఆ గవరమ్మ గుమ్మం మీద వాలి ఒక్క కూత కుయ్యి. చెట్టంతా గొల్లుమంటుంది. ముసల్ది ఖాళీ చేస్తుంది. పైనున్న చిన్న తొర్ర నీకు. అద్దె లేదు, అడ్వాన్సు లేదు, నేను బతికున్నంతకాలం నువ్వుండు."

"మరి ఆ మామ్మ తొర్ర?"

"కొన్నాళ్ళాగి శాంతి చేయించాను అని చెప్పి, ఎక్కువిచ్చేవాళ్ళకి ఇస్తాను. పాలపిట్టల జంట ఒకటి ఎప్పణ్ణించో అడుగుతోంది. అదంతా నీకెందుకు? నువ్వు చెయ్యాల్సింది ఒక్క కూత. ఆలోచించుకో."

అబద్ధమెందుకు, పైడమ్మకి ఆశ పుట్టింది. ఒక్క కూత! రోజూ ఊరికే కూసే కూతే కదా. ఆ సాయంత్రం గాదె దగ్గరికి పనికి వెళ్ళి, నెమరేసుకుంటున్న వీరన్నకి జరిగినదంతా చెప్పింది.

"నువ్వేమంటావు తాతా?"

వీరన్న చాలాసేపు నెమరేశాడు. ఆయనకి దేనికీ తొందర లేదు. "నేనేమీ అనను. నేనంటే అది నా మాటవుతుంది. ఇల్లు నీది, అందులో పడుకోవాల్సింది నువ్వు."

"పడుకుంటే నిద్రపడుతుందా అని కదూ నువ్వడిగేది?"

"నేనడగలేదు. నువ్వే అడుగుతున్నావు."

ఇలాంటి పెద్దవాళ్ళతో ఇదే తంటా. తిట్టినా బావుండును అనిపిస్తుంది.

తెల్లవారుతూనే పడమటి దిక్కున నల్లమబ్బు లేచింది. చల్లటి గాలి వచ్చింది. పైడమ్మ కొట్టంలోంచి బయటపడింది. తుమ్మచెట్టు వైపు పోతుంటే, మద్దిచెట్టు మీదినించి గవరమ్మ పిలిచింది. "ఇదుగో పిల్లా! ఇటు రా, ఇటు రా."

వెళ్ళి చూస్తే, తొర్రలో ఓ మూల బూరుగు దూది పరిచి ఉంది. అప్పుడే తెచ్చినట్టుంది, గింజలింకా అంటుకునే ఉన్నాయి.

"నరసింగం పొద్దున్న పొద్దెక్కేదాకా లేవడు. వాడు నిద్రలో ఉన్నంతసేపైనా ఇక్కడ నడుం వాల్చు. లేచాక కసిరితే అప్పుడు చూద్దాం. ఈ సరిగ్గా ముడవని రెక్కతో రెండుసార్లు తిరిగేసరికి ఆయాసమొచ్చిందే, లేకపోతే ఇంకాస్త తెచ్చేదాన్ని."

అంతే, పైడమ్మకి ఏడుపు ఆగలేదు. ఆ దూదిలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నరసింగం చెప్పిందంతా చెప్పేసింది. తనకి ఆశపుట్టిన సంగతి కూడా దాచలేదు.

గవరమ్మ కోప్పడలేదు. కాసేపు ఈకలు సర్దుకుంది. "పోనీ వాలవే" అంది చివరికి. "నేనెన్నాళ్ళుంటాను? ఎక్కడో ఓ చోట ముడుచుకుంటాను. నీది రేపొద్దున్న బతకాల్సిన బతుకు."

"నోర్ముయ్ మామ్మా!" అంది పైడమ్మ. అని, పెద్దదాన్ని అంతమాట అన్నందుకు నాలిక్కరుచుకుంది. గవరమ్మ పకపకా నవ్వింది.

ఇద్దరూ అలా ఉండగానే కింద కలకలం మొదలైంది. నరసింగం ఆ రోజు పెందలాడే లేచాడు. తన పథకానికి గట్టి పునాది వెయ్యాలి కదా! పైడమ్మ వాలినప్పుడు "ముసలావిడ, పాపం, పోనిద్దురూ" అని ఎవరైనా అడ్డుపడితే పని చెడుతుంది. అందుకని అందరిచేతా ముందే ఒప్పించాలనుకున్నాడు. పావురాల్ని దింపాడు, కుందేళ్ళని బయటికి రప్పించాడు. వాగులో నీళ్ళు తాగడానికి వచ్చిన వీరన్నని, "పెద్దవారు, సాక్షిగా ఉండాలి" అని పిలిచి నిలబెట్టాడు. మామిడితోట కామాక్షమ్మ, చింతచెట్టు ఉడత కూడా వచ్చారు. ఊళ్ళో మీటింగు అంటే పిలవకపోయినా వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

"రోజులు బాగాలేవు" అని మొదలెట్టాడు నరసింగం. "ఓ గుడ్లగూబ ఇల్లిల్లూ తిరుగుతోంది. మీకు తెలుసు."

"మా ఇంటికీ వచ్చింది" అంది కామాక్షమ్మ.

"మా ఇంటికీ" అన్నాడు ఉడత. "నేను లోపలికి రానివ్వలేదు."

"అందుకే ఒక కట్టుబాటు పెట్టుకుందాం. అది ఎవరి గుమ్మం మీద వాలి కూస్తే వాళ్ళు పొద్దుపోయేలోపు ఇల్లు ఖాళీ చెయ్యాలి. వానాకాలం వెళ్ళేదాకా ఆ ఇంట్లో మనవాళ్ళెవరూ అడుగుపెట్టకూడదు. ముసలీ ముతకా అని చూడ్డానికి వీల్లేదు. చెట్టు మీది అందరి క్షేమం కోసం."

పావురాలు గుర్ర్ గుర్ర్‌మని గుసగుసలాడుకున్నాయి. ఓ కుందేలు చెవులు వెనక్కి పెట్టుకుని, భయం భయంగా అడిగింది. "మరి... మీ గుమ్మం మీద వాలితేనండీ?"

నరసింగం పగలబడి నవ్వాడు. నవ్వక? ఆ గుడ్లగూబ ఎక్కడ వాలుతుందో తనకి తెలుసు కదా!

"నాదైనా సరే!" అని రొమ్ము చరుచుకున్నాడు. "ఓనరుకో రూలు, అద్దెవాళ్ళకో రూలా? నేనే ముందు మూట సర్దుకుని పోతాను. వానలు వెలిసేదాకా ఈ ఛాయలకి రాను. సరేనా?"

"మాటిచ్చినట్టేనా?" అన్నాడు వీరన్న, నెమరు ఆపి.

"ఇచ్చినట్టే, తాతా. చెట్టు సాక్షి, వాగు సాక్షి."

పైన తొర్రలో గవరమ్మ నిట్టూర్చింది. పక్కన పైడమ్మ కళ్ళు మాత్రం, పట్టపగలు, ఇంతింత పెద్దవిగా విచ్చుకున్నాయి.

"ఏమిటే అలా చూస్తున్నావు?"

"ఏమీ లేదు మామ్మా. ఇప్పుడు నాకు హాయిగా నిద్రొస్తోంది" అని, బూరుగు దూదిలో తల పెట్టి నిద్రపోయింది.

పొద్దువాలింది. మబ్బు చెట్టు నెత్తి మీదికి వచ్చింది. పావురాలు గూళ్ళకి చేరాయి, కుందేళ్ళు మేత ముగించుకుని వేళ్ళ దగ్గరికి వచ్చాయి. గాలివాన వచ్చేలా ఉంది, అందరూ ఇళ్ళ గుమ్మాల్లోనే ఉన్నారు. కామాక్షమ్మ, ఉడత పొద్దుటి కబుర్లు తెమలక అక్కడే ఉండిపోయారు. వీరన్న కూడా మళ్ళీ నీళ్ళకని వచ్చి ఇంకా కదల్లేదు. అదేం దాహమో ఆ రోజు! నరసింగం బిలం బయట కూర్చుని, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తున్నాడు.

పైడమ్మ చెట్టు చిటారుకొమ్మ నించి బయల్దేరింది. రెక్క చప్పుడు లేదు. గవరమ్మ తొర్ర ముందు ఒక చుట్టు తిరిగింది. "అదుగో!" అన్నాయి పావురాలు. నరసింగం పెదవి చివర చిన్న నవ్వు. రెండో చుట్టు తిరిగింది. గవరమ్మ కళ్ళు మూసుకుంది. మూడో చుట్టులో పైడమ్మ రెక్కలు ముడిచి, తిన్నగా కిందికి జారి, రెండు వేళ్ళు కలిసే చోట, సరిగ్గా నరసింగం గుమ్మం నడినెత్తి మీద వాలింది. ఛాతీ పొంగించి, "కిర్ర్ర్... కిచకిచకిచ... కిర్ర్ర్!" అని తన జన్మలో కుయ్యనంత గట్టిగా కూసింది.

పావురాల తలలన్నీ ఒక్కసారిగా కిందికి తిరిగాయి.

"అక్కడ కాదే పిచ్చిమొహమా!" అని అరిచాడు నరసింగం. "పైన! పైన వాలమన్నాను కదా, గవరమ్మ గుమ్మం మీద!"

అన్నాక గానీ తనేమన్నాడో తనకి వినబడలేదు. రెండు చేతుల్తో నోరు మూసుకున్నాడు. ఇక మూస్తే ఏం లాభం?

వీరన్న మెల్లిగా తల తిప్పాడు. "నువ్వు వాలమన్నావా, నరసింగం?"

"అంటే... ఊరికే... మాటవరసకి..."

"గవరమ్మ గుమ్మం మీద వాలితే పాడు, నీ గుమ్మం మీద వాలితే మాటవరసా?"

కుందేలికి ఎక్కణ్ణించి వచ్చిందో ధైర్యం, ముందుకి వచ్చింది. "మూట సర్దుకుంటానన్నారు కదండీ. పొద్దుపోతోంది."

"అవును, పొద్దుపోతోంది" అన్నాయి పావురాలు పైనించి.

"వాగు సాక్షి అన్నారు" అన్నాడు ఉడత. తనకి సంబంధం లేకపోయినా అలాంటివి బాగా గుర్తుంటాయి.

నరసింగం అందరి మొహాలూ చూశాడు. ఒక్కళ్ళయినా "పోనిద్దురూ" అంటారేమోనని చూశాడు. ఆ మాట ఎవరూ అనకుండా కట్టుబాటు పెట్టింది తనే కదా. తోక ముడుచుకుని వాగు వెంబడి వెళ్ళిపోయాడు. అతను మలుపు తిరిగాడో లేదో, తొలి చినుకు టప్పున పడింది.

"ఇంత ఇల్లు పాడుపడిపోతుందే" అంది కామాక్షమ్మ బిలం వైపు చూస్తూ. "ఎవరుంటారు ఇందులో?"

"ఎవరూ ఉండకూడదుగా" అన్నాడు ఉడత.

"మనవాళ్ళెవరూ ఉండకూడదన్నాడు" అన్నాడు వీరన్న. "ఆ పిల్లని మీరెవరూ మనవాళ్ళలో కలుపుకోలేదు కదా. గుడ్లగూబ వాలిందని గుడ్లగూబ ఎక్కడైనా ఇల్లు ఖాళీ చేస్తుందిట్రా?"

అందరూ ఆలోచించారు. ఆలోచించి, గుమ్మానికి అడ్డం తప్పుకున్నారు.

అలా పైడమ్మ ఆ ఇంట్లో కాలుపెట్టింది. కింద బిలం, లోపల మాను డొల్లగా పైదాకా పోయి, నిట్టనిలువునా అటకలా ఓ చోటు ఉంది. చుక్క నీరు దిగదు, గాలి సోకదు. అంత చోటు పెట్టుకుని నరసింగం ఒక మూల పడుకునేవాడని తెలిసి పావురాలు ముక్కున వేలేసుకున్నాయి. పాలు పొంగించే స్తోమత ఎవరికీ లేదు గానీ, గవరమ్మ తన దూదిని సగం తెచ్చి అటకలో పరిచింది. "మొదటిసారి కుడికాలు పెట్టావా?" అని అడిగింది. "ఎగిరి వచ్చాను మామ్మా" అంది పైడమ్మ. "సర్లే, కుడిరెక్క ముందు వచ్చిందనుకుందాం" అంది గవరమ్మ.

ఇక నరసింగం సంగతి చూద్దాం. వాన, వాన అలా ఇలా కాదు. అతను మామిడితోటకి పోయాడు.

"ఎంతమంది?" అంది కామాక్షమ్మ.

"ఒక్కణ్ణే."

"పెళ్ళి?"

"కాలేదు."

"ఏం తింటావు?"

నరసింగం నీళ్ళు నమిలాడు. కామాక్షమ్మ మొహం లోపలికి తిప్పేసుకుంది.

చింతచెట్టు కింద వేళ్ళ సందులో కాస్త చోటుంది. ఉడత పైనించి తొంగి చూశాడు. "రాత్రి ఎన్నింటికి ఇంటికొస్తావు?"

"మా జాతి రాత్రే కదయ్యా తిరిగేది! నన్నెరగవా? నేను నరసింగం గారిని!"

"ఏ చెట్టు ఓనరండీ తమరు?" అన్నాడు ఉడత. "పిల్లలున్న ఇల్లు. ఏమీ అనుకోకండి."

తడిసి, ముద్దయి, చలికి పళ్ళు టకటకలాడుతుంటే, ఇక పోవడానికి చోటు లేక, నరసింగం మద్దిచెట్టు దగ్గరికే వచ్చాడు. తన గుమ్మం ముందే, వానలో, బయట నిలబడ్డాడు. మర్నాడు సాయంత్రం పనికి బయల్దేరబోతున్న పైడమ్మకి గుమ్మంలో ఆకారం కనబడింది. పైనించి గవరమ్మ కూడా చూస్తోంది. ఈ పిల్ల ఇప్పుడేమడుగుతుందో, ఎన్ని అడుగుతుందోనని చూస్తోంది.

నరసింగం కూడా సిద్ధమయ్యాడు. ఒక్కణ్ణే, పెళ్ళి కాలేదు, మాంసం తింటాను, రాత్రి తిరుగుతాను అని మనసులో వరసగా పెట్టుకున్నాడు.

పైడమ్మ ఒక్కటే అడిగింది. "బాగా తడిసిపోయారా?"

నరసింగం ఊఁ అని తలూపాడు.

"అలా వానలో నిలబడతారేం, లోపలికి రండి. కింద వాటా ఖాళీగానే ఉంది."

"ఛాయలకి రానని మాటిచ్చానమ్మా."

"వాలిన గుడ్లగూబే రమ్మంటుంటే ఇంకా మాటేమిటండీ?"

నరసింగం లోపలికి వచ్చి ఒళ్ళు దులుపుకున్నాడు. తనింట్లో తనే కొత్తవాడిలా ఓ వారగా కూర్చున్నాడు. కాసేపటికి, అలవాటు పోదు కదా, అడిగాడు. "అద్దె... అడ్వాన్సు... ఎంతనుకుంటున్నావమ్మా?"

"అవేమీ వద్దండీ. ఆకులు ఊడవండి, చాలు."

"సరేనమ్మా."

"మీరే ఊడవాలి" అంది పైడమ్మ రెక్కలు విప్పుతూ. "గాలికి చెప్పడం కాదు."

పైనించి గవరమ్మ నవ్విన నవ్వుకి పావురాలన్నీ లేచి కూర్చున్నాయి. అప్పటికి వాన తెరిపిచ్చింది. పైడమ్మ పొడిరెక్కలతో, చప్పుడు లేకుండా, గాదె వైపు ఎగిరిపోయింది. ఆ రాత్రి ఎలుకల పని పట్టింది.

వానలు వెలిశాయి. నరసింగం ఆ కింది వాటాలోనే ఉన్నాడు, రోజూ పొద్దున్నే ఆకులు ఊడుస్తున్నాడు. చెట్టు ఎవరిదన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తినా, చీపురు పట్టుకుని చెప్పేవాడి మాట ఎవరు వింటారు? ఇప్పుడు ఆ చెట్టు దగ్గరికి ఏ ఒంటరి పిట్ట వచ్చి "చోటుందాండీ?" అని అడిగినా, ముందు లోపలికి రమ్మంటారు, ఆ తర్వాతే పేరడుగుతారు.

నీతి: ఇల్లడగడానికి వచ్చినవాళ్ళని గుమ్మం బయట నిలబెట్టేటప్పుడు, ఆ బయట చోటు మనకీ ఒకనాడు దక్కవచ్చని గుర్తుపెట్టుకోవాలి.